అక్క చేతి మాత్రలు

బండోడు అనే పేరు తమ్ముడికి చిన్నప్పుడే పడింది. గుమ్మానికి అడ్డంగా నిలబడితే గదిలోకి వెలుతురు వచ్చేది కాదు. పెద్దయ్యాక లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడు. లిఫ్టు పెట్టె మీదికెక్కి, చీకటి గొట్టంలో వేలాడే ఇనపతాళ్ళకు గ్రీజు పూసి, మోచేతుల దాకా నల్లబడి ఇంటికొచ్చేవాడు. అలాంటి మనిషి ఏడాది తిరక్కుండానే సగానికి సగం చిక్కిపోయాడు. ప్యాంటు నడుము మీద నిలవక బెల్టుకు మేకుతో కొత్త కన్నాలు పొడుచుకున్నాడు.

“ఇంక నన్ను బండోడు అనకండ్రా బాబూ, పోయిన ఆస్తి గుర్తొస్తోంది” అని తనే జోకులేసేవాడు.

అక్క నవ్వేది కాదు. తల్లి పోయినప్పుడు వాడు ఇంకా పలక పట్టలేదు. తనే తల దువ్వింది, తనే బడికి పంపింది. పెళ్ళయ్యాక కూడా వాణ్ణి వదిలిపెట్టలేదు. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని కర్టెన్లు కుట్టేది. భర్త బస్సు డ్రైవరు. ఆయనకు బామ్మర్దిని ఆటపట్టించకపోతే తిన్నది అరిగేది కాదు. ముగ్గురూ ఆ మూడు గదుల్లో సర్దుకుని ఉండేవారు.

జ్వరం వస్తూ పోతూ ఉంది. పొట్టలో నొప్పి మాత్రం వచ్చి కూర్చుంది. పెద్దాసుపత్రిలో రక్తం తీసుకున్నారు, పొట్టకు స్కాన్ చేశారు. డాక్టరమ్మ ముందు అతన్నొక్కణ్ణే లోపలికి పిలిచి తలుపు వేసింది. చాలాసేపటికి బయటికొచ్చాడు. వరండా బెంచీ మీద అక్క పక్కన కూర్చుని, తన చెప్పుల వంక చూస్తూ చెప్పాడు.

“హెచ్ఐవీ అంటక్కా.”

అక్కకు ఒళ్ళు చల్లబడింది. 

“మందులున్నాయా?”

“ఉన్నాయంట. బతికినన్నాళ్ళూ వేసుకోవాలంట.”

“అయితే వేసుకుందాం. లే.”

ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరివల్ల వచ్చింది అని ఆమె ఆ రోజు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

అసలు పొట్టనొప్పి మాత్రం క్షయ వల్ల. హెచ్ఐవీ ఒంట్లో కాపలాను పడగొట్టేసరికి అదే సందని క్షయ పేగుల్లోకి చేరిందని డాక్టరమ్మ చెప్పింది. ముందు క్షయ మాత్రలు మొదలుపెట్టి, అవి ఒంటికి పడ్డాక హెచ్ఐవీ మాత్ర కలపాలంది. రోజూ పొద్దున్నే అక్క మాత్రలు విప్పి తమ్ముడి అరచేతిలో పోసేది. గ్లాసు అందించి, గుటక దిగేదాకా కళ్ళప్పగించి చూసేది. మూత్రం ఎర్రగా వస్తే మొదటిరోజు ఇద్దరూ హడలిపోయారు. ఆ మాత్ర రంగే అది, మంచిదే అని ఆసుపత్రిలో చెబితే గాని ప్రాణం కుదుటపడలేదు.

మొదటి వారాల్లో మనిషి తేరుకున్నాడు. బ్రెడ్డు మీద వెన్న ఇంకాస్త రాయమన్నాడు.

“ఏరా, నా వాటా కూడా నీకేనా?” అన్నాడు బావ.

“నీ పొట్టకు సెలవిస్తున్నా బావా, పుణ్యం కట్టుకుంటున్నా” అన్నాడు బండోడు.

ఆ రోజు అక్క వంటగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

తర్వాత హెచ్ఐవీ మాత్ర కలిపారు. ఇచ్చేటప్పుడే డాక్టరమ్మ చెప్పింది, “ఒక్కోసారి ఇది మొదలుపెట్టాక జబ్బు ముదిరినట్టు అనిపిస్తుంది. భయపడి మానెయ్యకండి. నాకు చూపించండి.” అక్క తలూపింది. బాగుపడుతున్న మనిషిని పక్కన పెట్టుకుని వింటే ఆ మాట ఎవరికో చెబుతున్నట్టే ఉంది.

కొన్నాళ్ళకు అన్నంత పనీ అయింది. తగ్గిన జ్వరం రెట్టింపై తిరిగొచ్చింది. మెడ పక్కన బిళ్ళ కట్టింది. పొట్ట ఉబ్బింది, తిన్నదల్లా వాంతి అయిపోతోంది. ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టరమ్మ సెలవులో ఉంది. ఆమె కుర్చీలో ఉన్న కుర్ర డాక్టరు తలెత్తకుండానే, “మందులు ఆపొద్దు. జ్వరానికి ఇది వెయ్యండి. మేడమ్ వచ్చాక ఒకసారి రండి” అని తర్వాతి మనిషిని పిలిచాడు.

ఆ సాయంత్రం బావ డ్యూటీ దిగి వచ్చి, మూలుగుతున్న బామ్మర్దిని చూసి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

“ఆ మందు మొదలెట్టాకే వీడిలా అయిపోయాడు. నాకేం తెలీదనుకో. కంటికి కనబడుతోంది కదా” అన్నాడు.

 ఆ మాట అక్క మనసులో దిగబడిపోయింది. మర్నాడు పొద్దున మాత్రలు తమ్ముడి చేతిలో పోసింది. అవి మింగిన కాసేపటికే వాడు పేగులు బయటికొచ్చేలా వాంతి చేసుకున్నాడు. వీపు నిమురుతూ నిలబడిన ఆమెకు తన చేత్తోనే వాడికి విషం పోస్తున్నానని అనిపించింది.

ఆ పక్కరోజు బజారుకు పోయి, అదే సైజులో, ఇంచుమించు అదే రంగులో ఉన్న బలం మాత్రలు కొనుక్కొచ్చింది. అసలు మాత్రలు కర్టెన్ గుడ్డల మూటలోకి దోపేసింది. కొత్తవి విప్పి వాడి అరచేతిలో పోసింది. తమ్ముడు ఎప్పట్లాగే చూడకుండానే నోట్లో వేసుకున్నాడు. వాంతులు తగ్గాయి. రెండు ముద్దలు తిన్నాడు. తను చేసింది సరైన పనేనని అక్క తనకు తానే సర్దిచెప్పుకుంది. డాక్టరమ్మ సెలవు నుంచి వచ్చినా, వెళ్ళి చూపించే ధైర్యం మాత్రం చెయ్యలేకపోయింది.

ఒక మధ్యాహ్నం ఆమె కుట్టుమిషను మీద ఉండగా లోపల్నుంచి ధబ్బున చప్పుడైంది. వెళ్ళి చూస్తే తమ్ముడు మంచం పక్కన నేల మీద ముడుచుకుని పడి ఉన్నాడు. మోకాళ్ళు గడ్డానికి ఆన్చుకున్నాడు. మొహం చెమటతో తడిసి ముద్దయింది.

“అక్కా... కోసేస్తున్నట్టుందక్కా...”

బావ టాక్సీ పిలిచాడు. దారి పొడుగునా గతుకు వచ్చినప్పుడల్లా బండోడు పళ్ళు కొరికి కేకను మింగేశాడు.

అత్యవసర విభాగంలో పచ్చ తెర లాగి మంచం మీద పడుకోబెట్టారు. నర్సు చేతికి సెలైను పెట్టింది, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం దింపింది. మూత్రం లెక్క కోసం ఇంకో గొట్టం పెట్టి, దాని సంచిని మంచం అంచుకు తగిలించింది. బావను బయట ఆపేశారు. పొట్ట ఆపరేషన్లు చేసే సర్జన్ వచ్చి రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. వెనకాలే డాక్టరమ్మ వచ్చింది. ఇద్దరూ అక్క వింటుండగానే వాదించుకున్నారు.

“తెరిచి చూద్దాం. ఎక్కువసేపు ఆగితే చెయ్యి దాటిపోతుంది” అన్నాడు సర్జన్.

“ఎక్స్‌రేలో పేగుకు కన్నం పడ్డ గుర్తు లేదు కదా. ఇలాంటి పొట్ట తెరిస్తే పేగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. చెయ్యి పెట్టిన చోటల్లా చిరుగుతాయి. హెచ్ఐవీ మందు మొదలుపెట్టి ఎన్నో వారాలు కాలేదు. ఒంట్లో శక్తి తిరిగొచ్చి, లోపలున్న క్షయ మీద ఒక్కసారిగా విరుచుకుపడితే పొట్ట ఇలాగే వాస్తుంది. అదే అయితే కోత అక్కర్లేదు. స్టెరాయిడ్ ఇస్తే దిగుతుంది.”

“అదే కాకపోతే?”

“మందులు సరిగ్గా పడకపోతే ఇది వట్టి జబ్బే. అప్పుడు ఒంటి కాపలాను అణిచే స్టెరాయిడ్ ఇస్తే దానికి మనమే దారి తెరిచినట్టు. లోపల కన్నం ఉంటే అదీ బయటపడదు.” డాక్టరమ్మ అక్కవైపు తిరిగింది. “అమ్మా, మాత్రలు మీరే కదా ఇస్తున్నారు? రోజూ వేసుకుంటున్నాడా?”

 తెర అవతల ఎవరో దగ్గుతున్నారు. సర్జన్ గడియారం చూసుకున్నాడు.

“వేసుకుంటున్నాడండి.”

“ఒక్కరోజు కూడా తప్పకుండా?”

“నా చేత్తోనే ఇస్తున్నానండి.”

ఆ చివరి మాట అబద్ధం కాదు కాబట్టే అంత తేలిగ్గా బయటికొచ్చింది. తమ్ముడు కళ్ళు తెరిచి ఆమె వంక చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు.

డాక్టరమ్మ నర్సుకు స్టెరాయిడ్ ఇంజక్షన్ చెప్పింది. నర్సు పళ్ళెంలో సిరంజి తెచ్చి, మందు లాగి, బుడగ పోయేలా గోటితో కొట్టింది.  అక్కకు చెప్పాలనే ఉంది. ఇప్పుడు చెబితే ఈ డాక్టర్లు వాణ్ణి వదిలేసి పోతారేమోనని భయం. చెప్పకపోతే ఏమవుతుందో సగమే అర్థమైంది. 

డాక్టరమ్మ మూత్రం ఎంత వచ్చిందో చూడటానికి వంగింది. వంగిన మనిషి అలాగే ఆగిపోయింది. సంచిని వెలుతురు వైపు తిప్పింది. అందులో ఉన్నది పసుపు రంగు.

“సిస్టర్, ఆగండి.”

సూది సెలైను గొట్టానికి బెత్తెడు దూరంలో ఆగింది.

“క్షయ మాత్ర వేసుకున్నవాళ్ళకు ఇది ఎర్రగా ఉండాలి.” డాక్టరమ్మ గొంతు పెంచలేదు. “ఇందులో ఆ రంగే లేదు. మాత్రలు ఎవరు మానేశారు?”

 అప్పుడు బండోడు ముక్కులో గొట్టంతో, ముద్దగా అన్నాడు.

“నేనే మేడమ్. అక్క ఇస్తుంది. నోట్లో పెట్టుకుని, తను అటు తిరగ్గానే ఊసేసేవాణ్ణి.”

అక్క దిమ్మెరపోయింది. తను చేసిన పని వాడికి తెలుసు. తెలిసీ మీద వేసుకుంటున్నాడు.

“ఎప్పట్నుంచి? రెండు రకాలూనా, ఒక్కటేనా? హెచ్ఐవీ మాత్ర వేసుకుంటూ క్షయవి మానేశావా?”

“అదీ... మొన్న... అంటే...” తమ్ముడు నీళ్ళు నమిలాడు. “రెండూ అనుకుంటా.”

“అనుకుంటా అంటే కుదరదు బాబూ. ఏది ఎప్పుడాగిందో దాన్నిబట్టే నేనేం చెయ్యాలో ఉంటుంది.”

వాడి అబద్ధం తనను కాపాడుతుంది గాని వాణ్ణి కాపాడదని అక్కకు ఆ క్షణంలో తెలిసొచ్చింది. మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

“వాడు కాదండి. నేను. మీరు సెలవులో ఉన్న వారంలో మార్చేశాను. రెండూ తీసేసి బలం మాత్రలు పోశాను. అంతకుముందే జ్వరం, బిళ్ళ, వాంతులు అన్నీ వచ్చాయి. మందు వల్లే అనుకున్నాను. ఆరోజు నుంచి వాడి కడుపులోకి అసలు మాత్ర ఒక్కటీ పోలేదు.”

అంతా ఒక్క గుక్కలో చెప్పేసి, తిట్లకోసం తల వంచుకుంది. డాక్టరమ్మ తిట్టలేదు. కళ్ళు ఒకసారి మూసి తెరిచింది.

“సిస్టర్, ఆ సిరంజి తీసెయ్యండి. ఇది ఇచ్చి ఉంటే...” మాట పూర్తి చెయ్యకుండానే సర్జన్ వైపు తిరిగింది. “వెంటనే స్కాన్ చేయిద్దాం. మీ థియేటర్ సిద్ధం చేయించండి.”

స్కాన్‌లో బయటపడింది. పేగుకు కన్నం ఉంది. మంచం చక్రాలు వరండాలో గలగలమంటూ పోతుంటే అక్క పక్కన నడిచింది. థియేటర్ తలుపు దగ్గర ఆమెను ఆపేశారు. తమ్ముడి చెయ్యి ఆమె చేతిలోంచి జారిపోయింది.

బెంచీ మీద కూర్చుని బావకు అంతా చెప్పింది. ఆయన తన బస్సు డ్యూటీ టోపీని మోకాలి మీద తిప్పాడు.

“ఆ మాట అన్నది నేనే కదే.”

“అన్నది మీరు. చేసింది నేను.”

 ఆయన లేచి వెళ్ళి నీళ్ళ సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మూత కూడా తియ్యలేదు. లోపల్నుంచి ఎవరు బయటికొచ్చినా ఇద్దరూ లేచి నిలబడేవారు. వచ్చినవాళ్ళు వేరేవాళ్ళకోసం అని తెలిసి కూర్చునేవారు. ఎండ కిటికీలోంచి జరిగి జరిగి గోడ ఎక్కింది.

చివరికి సర్జన్ వచ్చాడు. మొహం మీద మాస్కు దారాల గుర్తులు ఇంకా పోలేదు.

“బతికే ఉన్నాడు. ముందు అది వినండి” అన్నాడు. “కన్నం చుట్టూ కొవ్వు పొర వచ్చి అతుక్కుంది. అందుకే ఎక్స్‌రేకి దొరకలేదు. లోపలంతా చీము పట్టింది. కడిగాం. పాడైన ముక్క తీసేసి పేగు కొసను పొట్ట మీదికి తెచ్చాం. కొన్నాళ్ళు మలం అక్కడ అతికించిన సంచిలోకే పోతుంది. ఈ రెండు మూడు రోజులూ గట్టెక్కితే మాట్లాడుకుందాం.”

ఆ రెండు మూడు రోజులూ అక్క ఇంటికి పోలేదు. చీముకు సెలైన్లో ఘాటైన మందులు ఎక్కుతున్నాయి. జ్వరం ఒక పూట దిగేది, ఒక పూట ఎక్కేది. బీపీ యంత్రం కూసినప్పుడల్లా ఆమె నర్సు మొహం చూసేది. ఆ మొహంలో కంగారు లేకపోతే తనూ ఊపిరి తీసుకునేది.

బండోడు తేరుకుని మొదట దుప్పటి ఎత్తి పొట్ట మీది సంచి చూసుకున్నాడు.

“బావా, నాకు పొట్ట మీదే మరుగుదొడ్డి కట్టించారా?”

బావ నవ్వబోయి, నవ్వలేక, కిటికీ దగ్గరికి పోయి ముక్కు చీదుకున్నాడు.

ఇద్దరే ఉన్నప్పుడు అక్క అడిగింది. “నీకెప్పుడు తెలిసిందిరా?”

“మర్నాడే. బాత్రూంలో రంగు మారింది కదా.”

“మరి అడగలేదేం?”

“వాంతులు ఆగాయక్కా. హాయిగా ఉంది. అడిగితే మళ్ళీ అవే ఇస్తావని. నువ్వు నన్ను మోసం చేశావనుకుంటున్నావు గానీ, ఇద్దరం కలిసే చేశాం ఆ పని.”

పొట్టలోంచి తీసిన ముక్కను పరీక్షకు పంపారు. మధ్యలో ఆపడం వల్ల క్షయ మందులకు లొంగని రకంగా మారిందేమోనని డాక్టరమ్మ భయం. ఫలితం వచ్చేదాకా ఆమె అక్కతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. వచ్చిన రోజు మాత్రం తనే మంచం దగ్గరికి వచ్చి చెప్పింది.

“లొంగే రకమే. అదృష్టవంతులు. మళ్ళీ మొదలుపెడదాం.”

ఈసారి మాత్రలు నర్సే ఇచ్చింది. అక్క దూరంగా స్టూలు మీద కూర్చుని చూసేది. ముందు క్షయవి, కొన్నాళ్ళకు హెచ్ఐవీది. పొట్ట మీది కుట్లు మానుతున్నాయి. చెంచాతో సూప్ తాగుతున్నాడు. ఇంక ఇంటికి పంపిస్తారని అనుకుంటుండగా, ఒక మధ్యాహ్నం అక్క వాడి నుదురు తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. మెడ పక్కన బిళ్ళ మళ్ళీ లేచింది, ఈసారి కోడిగుడ్డంత.

డాక్టరమ్మ వచ్చి పొట్ట నొక్కి, సర్జన్ చేత కూడా చూపించి, స్కాన్ తీయించింది. “కన్నం లేదు. కొత్త చీము లేదు. మందులు మన కళ్ళెదుటే పడుతున్నాయి. నేను మొదట చెప్పింది ఇదే. కాపలావాళ్ళు నిద్ర లేచారు, లోపల దొంగలతో కలబడుతున్నారు. ఇప్పుడు ధైర్యంగా స్టెరాయిడ్ ఇస్తాను. మాత్రలు మాత్రం ఒక్కపూట కూడా ఆగకూడదు.”

మర్నాడు పొద్దున నర్సు మాత్రలు తెస్తే బండోడు మూతి బిగించాడు.

“వద్దు.”

నర్సు బుజ్జగించింది, గదమాయించింది. అతను గోడవైపు తిరిగిపోయాడు. “ఇవి మొదలెట్టగానే మళ్ళీ అదే మొదలైంది. నన్ను ఇంకోసారి కోస్తారా? చస్తే చస్తాను గాని మింగను.”

నర్సు అక్క వంక చూసింది. అక్క స్టూలు మీంచి లేచింది. నర్సు చేతిలోని చిన్న ప్లాస్టిక్ గిన్నె అందుకుంది. మంచం అవతలికి వెళ్ళి, వాడి మొహం ఎదురుగా నేల మీద మోకాళ్ళమీద కూర్చుంది.

“నన్ను చూడు.”

“నువ్వే కదక్కా ఆపింది” అన్నాడు తమ్ముడు. నిందగా కాదు, సాయం అడుగుతున్నట్టు.

“నేనే. భయపడి ఆపాను. ఏమైందో నీ పొట్ట మీద ఉంది. ఇప్పుడూ భయంగానే ఉందిరా. నీ ఒళ్ళు చూస్తే ఈ గిన్నె కిటికీలోంచి విసిరేయాలని ఉంది. నువ్వు మింగాక ఏమవుతుందో నాకు తెలీదు. మింగకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు. ఆ థియేటర్ తలుపు దగ్గర ఇంకోసారి నిలబడలేను.”

తమ్ముడు ఆమె కళ్ళలోకి చూశాడు.  చివరికి చెయ్యి చాపి గిన్నె తీసుకున్నాడు. ఒక్కొక్కటే, కళ్ళు మూసుకుని, గుక్క గుక్కకూ ఆగుతూ మింగాడు. వాడి వీపు నిమురుతూ ఆమె వాంతి కోసం ఎదురుచూసింది. వాడికి కడుపులో తిప్పింది, చెమటలు పట్టాయి, కానీ మాత్రలు నిలిచాయి.

స్టెరాయిడ్ పని చెయ్యడానికి కొంత సమయం పట్టింది. ఆ కొంత సమయం ఎలా గడిచిందో అక్క ఎవరికీ చెప్పలేదు. జ్వరం ముందు సాయంత్రాలు రావడం మానేసింది, తర్వాత పొద్దుటిది కూడా పోయింది. బిళ్ళ మెత్తబడి కుంచించుకుపోయింది. ఒకరోజు డాక్టరమ్మ రౌండ్స్‌కి వచ్చేసరికి బండోడు పక్క మంచం వాళ్ళ బిస్కెట్లు కూడా అడిగి తింటున్నాడు. స్టెరాయిడ్ ఆకలి అది, నమ్మకండి అని ఆమె నవ్వింది. అక్క ఆమె నవ్వడం చూడటం అదే మొదలు.

సంచి తీసేసి పేగు మళ్ళీ కలపడానికి కొన్ని నెలలు పట్టింది. ఆ ఆపరేషన్ నుంచి కూడా గట్టెక్కాడు. బండోడు బండోడు కాలేదు గాని బెల్టు పాత కన్నానికి దగ్గరగా వచ్చాడు. లిఫ్టు గొట్టాల్లోకి దిగే పని వద్దని, కంపెనీ వాళ్ళు మోటారు గదిలో పని ఇచ్చారు.

పనికి పోవడం మొదలుపెట్టిన వారంలో, అక్క ఒక పొద్దున మాత్ర విప్పబోతుంటే తమ్ముడు వచ్చి మెల్లగా మాత్రల డబ్బా తీసుకున్నాడు.

“ఇంక నేనే వేసుకుంటానక్కా.”

ఆమె మొహం చిన్నబోయింది. “నా మీద నమ్మకం లేదా?”

అతను మాత్ర విప్పి అరచేతిలో పెట్టుకుని చూసుకున్నాడు. ఇదివరకు ఎప్పుడూ అలా చూసి మింగలేదు.

“నీకు మాత్రం ఎందుకక్కా రోజూ ఆ భయం?” అన్నాడు.

నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, టిఫిన్ డబ్బా పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.  అక్క ముందుగదిలోకి వచ్చి మిషను ముందు కూర్చుంది. ఇవ్వాళ ఇవ్వాల్సిన కర్టెన్లు ఇంకా సగం కూడా కాలేదు.